చింతచెట్టు కింద లెక్కపుస్తకం: సిక్కోలు, విజయనగరం బడుల్లో జీవావరణ పాఠం

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో వానలు మొదలయ్యేసరికి ఊరి చెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు చేరతాయి. జూన్ ప్రాంతంలో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా ఉండి, ఏడాది చివరికల్లా వెళ్లిపోతాయి. గూటి కింద నిలబడి కాస్త ఓపికగా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. పెద్ద కొంగ ముక్కు మూసుకున్నా పైదవడకూ కిందిదవడకూ మధ్య సన్నని సందు మిగిలే ఉంటుంది. పక్కనే నోరు తెరిచి తిండి కోసం అరిచే పిల్లకు ఆ సందు ఉండదు, దాని ముక్కు తిన్నగా ఉంటుంది. సందు పుట్టుకతో రాదు, పక్షి పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. నత్తను పట్టుకుని, గుల్ల మూతిని కప్పే మూత కిందికి ముక్కు కొన దూర్చి, లోపలి కండను కోసి, మాంసాన్ని బయటికి లాగడం ఈ కొంగ ప్రత్యేకత. ఆ పని ఎంత నేర్పుగా చేస్తుందంటే చాలాసార్లు గుల్ల పగలకుండా అలాగే మిగిలిపోతుంది.

ఏడో తరగతి పిల్లలు ఈ చెట్టు కింద ఒక గంట గడిపితే వాళ్లకు పుట్టే ప్రశ్నలు పాఠ్యపుస్తకంలోని ఆహారపు గొలుసు బొమ్మ దగ్గర ఆగవు. నత్తలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చుట్టూ ఉన్న వరిమళ్ల నుంచి, చెరువుల నుంచి. అయితే వానలు ఆలస్యమై ఉడుపులు వెనకబడిన ఏడు గూళ్లు కూడా వెనకబడతాయా? పురుగుమందు కొట్టిన మడిలో కొంగలు దిగుతాయా, పక్క మడికి పోతాయా? ఒకే గట్టు మీద వారం వారం ఖాళీ గుల్లలు ఏరి లెక్కపెడితే ఏ నెలలో తిండి బాగా దొరికిందో చెప్పవచ్చా? వీటికి జవాబులు పుస్తకం చివరి పేజీల్లో ఉండవు. తెలుసుకోవాలంటే పిల్లలు మళ్లీ అదే గట్టుకు, అదే చెట్టు కిందికి రావాలి, చూసింది రాసుకోవాలి, పోయిన వారం రాసిన దానితో పోల్చుకోవాలి. చేతులతో చేసి నేర్చుకునే జీవావరణ పాఠానికి ప్రాణం ఈ మళ్లీ మళ్లీ రావడంలోనే ఉంది. ఒక్కరోజు కార్యక్రమాలతో పర్యావరణం గురించిన మాటలు వస్తాయి గాని, జీవుల మధ్య, నీటికీ నేలకూ మధ్య ఉన్న సంబంధాలను పట్టుకునే చూపు రాదు.

మన బడుల్లో ప్రస్తుతం పర్యావరణ విద్య పేరుతో ఎక్కువగా జరిగేవి ఈ ఒక్కరోజు కార్యక్రమాలే. జూన్ 5న ర్యాలీ, వనమహోత్సవంలో మొక్కలు నాటడం, ఓజోన్ దినోత్సవానికి చిత్రలేఖనం పోటీ, మధ్యలో ఎప్పుడైనా ప్లాస్టిక్ ఏరివేత. వీటికోసం శ్రమపడే ఉపాధ్యాయులను తక్కువ చేయడం ఎంతమాత్రం తగదు. చాలాచోట్ల ఒకరిద్దరు ఉపాధ్యాయుల పట్టుదల వల్లే ఆ మాత్రమైనా జరుగుతోంది. అయితే జూలైలో నాటిన మొక్క మార్చికి బతికి ఉందో లేదో చూసే పని ఎవరికీ అప్పగించకపోతే పిల్లలు నేర్చుకునేది గుంత తవ్వడం వరకే. అదే నాటింపును ప్రయోగంగా మార్చడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ముప్పై మొక్కలు నాటితే పదింటి మొదళ్లలో కొబ్బరిపీచు, ఎండుటాకులు పరిచి, పదింటికి ముళ్లకంప కట్టి, పదింటిని వట్టిగా వదిలి, మూడు జట్లకూ ఒకే లెక్కన నీళ్లు పోస్తూ నెలకోసారి ఎత్తు కొలవాలి. చచ్చిపోయిన మొక్క పక్కన ఎండిందా, మేక తిన్నదా, చెదలు పట్టిందా అన్నది రాయాలి. ఏడాది తిరిగేసరికి ఆ ఊరి నేలలో మొక్కను బతికించేది ఏదో పిల్లలకు తెలుస్తుంది. చచ్చిన మొక్కలు కూడా ఆ పాఠంలో భాగమే అవుతాయి.

ఈ తరహా చదువుకు చట్టపరంగా, విధానపరంగా ఉన్న ఆధారం బలమైనదే. 1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న గాంధీజీ నయీ తాలీం చేతిపనినే చదువుకు కేంద్రంగా నిలిపింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పౌరుల ప్రాథమిక విధుల్లో అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడటం ఒకటి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి అంశం చేయాలని ఆదేశించింది. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ హరిత దళాన్ని ప్రారంభించగా, బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. 1993 నుంచి నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్ స్థానిక సమస్య మీద పిల్లలు జట్టుగా పరిశోధన చేయాలని కోరుతుంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకునే వీలు కల్పించింది. ఉత్తర్వులకు కొరత లేదు. లేనిదల్లా ఆ ఉత్తర్వును తేలుకుంచి గట్టుకూ, కళింగపట్నం సముద్రతీరపు ఇసుకకూ, విజయనగరం చింతతోపుకూ ముడివేసే పద్ధతి.

ఆ పద్ధతిని చింతచెట్టుతోనే మొదలుపెట్టవచ్చు. ఈ రెండు జిల్లాల్లో చింత లేని ఊరు దాదాపు ఉండదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మాను, చింతమానే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరిగే ఉత్సవం కోసం ఏటా పొడవైన, తిన్నని చింతమాను వెతికి తెస్తారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ పక్షులు గూళ్లు కట్టే చెట్లలో చింతలు ఉన్నాయి. ఇంతగా అవసరపడే చెట్టు గురించి ఒక బడి అడగదగిన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: మన ఊళ్లో చింతలు ఎన్ని, వాటిలో చిన్నవి ఎన్ని?

దీనికి కావలసినవి దర్జీ టేపు, సుద్దముక్క, ఒక పుస్తకం. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర మాను చుట్టుకొలత తీయడం అటవీ లెక్కల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఒక కర్రను ఆ పొడవుకు కోసి ఉంచుకుంటే ఏ పిల్లవాడు కొలిచినా ఎత్తు మారదు. మాను ఆ ఎత్తులోపే రెండుగా చీలితే రెంటినీ విడివిడిగా కొలవాలి. వాలుగా ఉంటే టేపు మానుకు అడ్డంగా, బిగుతుగా చుట్టాలి. ఒకే చెట్టును ఇద్దరు విడివిడిగా కొలిచి, అంకెలు ఒకరికొకరు చెప్పుకోకుండా రాసి, తర్వాత పోల్చుకోవాలి. రెండు కొలతలకూ మధ్య అయిదారు సెంటీమీటర్ల తేడా వచ్చినప్పుడు తరగతిలో జరిగే వాదన కొలతలో పొరపాటు ఎంత సహజమో, దాన్ని ఎలా తగ్గించాలో నేర్పుతుంది. ఆ విషయాన్ని ఏ పాఠమూ అంత బాగా నేర్పలేదు.

ఊరి చింతలన్నీ కొలిచాక వాటిని అర మీటరులోపు, మీటరులోపు, రెండు మీటర్లలోపు, ఆపైన అని జట్లుగా విడదీసి దిమ్మల బొమ్మ గీయాలి. ఆరోగ్యంగా ఉన్న చెట్ల గుంపులో సన్నవి ఎక్కువగా, లావువి తక్కువగా ఉంటాయి. బొమ్మ తలకిందులై, ఉన్నవన్నీ తాతల నాటి మానులే అయి, సన్న చింతలు వేళ్ల మీద లెక్కించేన్ని ఉంటే, ఆ ఊరికి రాబోయే యాభై ఏళ్ల సంగతి ఆ బొమ్మలోనే ఉంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ వంటి తుపాను మరొకటి వచ్చి పెద్ద మానులు కూలితే వాటి స్థానంలోకి వచ్చేవి లేవని అర్థం. అప్పుడు చింత మొక్కలు నాటాలన్న ఆలోచన పిల్లలకే వస్తుంది. వనమహోత్సవంలో ఏ మొక్క ఇస్తే అది నాటడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ ఏ చెట్టు, ఎక్కడ, ఎందుకు అన్న మూడింటికీ వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం మరో రకం పాఠం చెబుతుంది. సెప్టెంబరు దాటాక అక్కడికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెట్టి, మార్చి దాకా ఉంటాయి. వాటిని సైబీరియా పక్షులని, విదేశీ అతిథులని పిలవడం ఈ ప్రాంతంలో వాడుక. ఊరివాళ్లు వాటిని తమ ఇంటికి వచ్చిన చుట్టాల్లా చూసుకోవడం నిజంగా గొప్ప విషయం. అయితే ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినవే. మంచు దేశాల్లో గుడ్లు పెట్టి, చలికాలం గడపడానికి ఇక్కడికి వచ్చేవి కావు. తేలినీలాపురంలో గూడు కట్టి గుడ్లు పెడుతున్నాయంటే ఇది వాటి పుట్టిల్లే. పిల్లలు ఒక శీతాకాలమంతా గూళ్లను చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తేలుతుంది. అతిథి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచి పోదు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నతో సంరక్షణ అర్థమే మారిపోతుంది. దూరదేశం నుంచి వచ్చిన వింతను చూసి మురిసిపోవడం వేరు, ఈ జాతి నిలవాలంటే గుడ్లు పెట్టే చెట్టు, పిల్లలకు తిండి దొరికే నౌపడా చిత్తడి రెండూ ఇక్కడే నిలవాలని గ్రహించడం వేరు.

గూళ్లు లెక్కించడంలో క్రమశిక్షణ అవసరం. చెట్లకు అంకెలు ఇచ్చి, ప్రతి పదిహేను రోజులకు ఒకే వేళలో, ఒకే చోట నిలబడి చూడాలి. పక్షి కూర్చున్న గూళ్లు, పిల్లలు కనిపించే గూళ్లు, ఖాళీ గూళ్లు అని మూడు గళ్లు ఉండాలి. గూడు కింద కేకలు వేయకూడదు, రాళ్లు విసరకూడదు, ఫొటో కోసం కొమ్మ ఎక్కకూడదు. బెదిరిన పెద్దపక్షి లేచిపోతే గూట్లోని పిల్ల ఎండకు మాడిపోతుంది, లేదా కాకుల పాలవుతుంది. చూసే జీవికి చూపు వల్ల హాని కలగకూడదన్న నియమం పిల్లలకు మొదటి రోజే తెలియాలి. రెండు జాతుల తిండి తీరును పోల్చడం కూడా పెద్దపిల్లలకు మంచి పని. గూడబాతు ముక్కు కింది సంచితో నీటితో పాటు చేపను తోడుకుంటుంది. ఎర్రకాళ్ల కొంగ లోతులేని నీటిలో ముక్కు సగం తెరిచి ముంచి, కాలితో బురద కదిలిస్తూ, ముక్కుకు తగిలినదాన్ని టక్కున పట్టుకుంటుంది. ఒకే మడుగు రెండింటికీ ఎలా సరిపోతుందో చూస్తే అర్థమవుతుంది.

పక్షులు రాని ఊళ్లలో ఏం చేయాలన్న సందేహం అక్కర్లేదు. చెరువో, పశువులు దిగే బందో, వానకాలం పారే గెడ్డో లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. తెలుపు నలుపు రంగులు వేసిన పాత డబ్బా మూతకు తాడు కట్టి నీటిలోకి వదిలితే, అది కనిపించకుండా పోయే లోతు నీటి తేటదనాన్ని చెబుతుంది. ఒడ్డున నిలబడి టీ వడకట్టే జల్లెడతో అడుగు బురద తీసి తెల్లని పళ్లెంలో పోస్తే అందులో కదిలే పురుగులు నీటి ఆరోగ్యాన్ని చెబుతాయి. తూనీగ పిల్లలు, నీటి పెంకుపురుగులు, చిన్న గుల్లలు రకరకాలుగా కనబడితే ఒక లెక్క. ఎర్రని సన్నపురుగులు మాత్రమే గుంపుగా ఉంటే ఇంకో లెక్క. ఆ ఎర్రపురుగుల ఒంట్లో మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిన్ వంటి పదార్థమే ఉంటుంది కాబట్టి, ప్రాణవాయువు తక్కువైన మురికినీటిలోనూ అవి బతకగలవు. గుర్రపుడెక్క కప్పిన మూలలోనూ, తెరిపిగా ఉన్న మూలలోనూ ఇదే పరీక్ష చేసి పోలిస్తే, చెరువును ఆకు కప్పేయడం వల్ల లోపల ఏం జరుగుతుందో పిల్లలు తమ పళ్లెంలోనే చూస్తారు.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పక తప్పదు. పుస్తకంలో వాగు అని ఉంటుంది, పిల్లవాడి ఇంట్లో అది గెడ్డ. పుస్తకంలోని చిత్తడి నేల సోంపేటవాళ్లకు బీల, కాకరాపల్లివాళ్లకు తంపర. ఈ మాటలు మొరటువి కావు. బీల అన్నప్పుడు అక్కడి నీరు, చేప, గడ్డి, పశువు, ఏ నెలలో ఎంత లోతు ఉంటుందన్న ఎరుక అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించడానికి బడులు పెట్టించారు, పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన నేల మీది బడుల్లో మొక్కల, చేపల, పిట్టల స్థానిక పేర్లు సేకరించడం మొదటి ప్రాజెక్టు కావడం న్యాయం. ఒక గళ్లో సవర పేరో, జాలరి పేరో, ఇంకో గళ్లో పుస్తకం పేరు, మూడో గళ్లో అది ఎక్కడ, ఎప్పుడు కనబడుతుంది, దేనికి వాడతారు అన్నవి రాయాలి. కొండపిల్లలు ఈ పనిలో ఉపాధ్యాయుడి కంటే ముందుంటారు. తరగతిలో వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు ఆ రోజు ముందుకు వస్తాడు.

తీరగ్రామాల బడులకు సముద్రమే ప్రయోగశాల. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా శీతాకాలం చివర ఈ తీరం ఇసుకలోకి వచ్చి, అర మీటరుకు కాస్త తక్కువ లోతున గుంత తీసి, ఒక్కో గూటిలో వంద వరకు గుడ్లు పెట్టి వెళ్తాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి కనుక గుడ్డును తాకాలన్నా, గూటిని కదపాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. ఏం చేయకూడదో ముందు తెలుసుకోవడం కూడా పాఠమే. అయితే గూటి జోలికి పోకుండా చేయగల పనులు చాలా ఉన్నాయి. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, అంతకంటే వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువవుతాయి. గూళ్లకు దూరంగా, అదే లోతున, తెరిపి ఇసుకలో ఒకచోట, సరుగుడు నీడలో ఒకచోట థర్మామీటరు పాతి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేడి రాస్తే వాతావరణ మార్పు అన్న పెద్దమాట ఒక అంకెగా పిల్లల చేతికి వస్తుంది.

గుడ్డు నుంచి వెలువడిన పిల్ల రాత్రివేళ సముద్రం వైపున్న వెలుగును చూసి నడుస్తుంది. ఒడ్డున వీధిదీపం ఉంటే దాని వైపు తిరుగుతుంది. ఊరి నుంచి ఒడ్డుకు ఏయే దీపాలు కనబడతాయో పెద్దల తోడుతో ఒక సాయంత్రం నడిచి పటం గీస్తే, ఏ దీపానికి మూత పెట్టాలో పంచాయతీకి చెప్పగల వివరం దొరుకుతుంది. జాలరి ఇళ్ల పిల్లలు ఉన్న తరగతిలో ఈ చర్చను జాగ్రత్తగా నడపాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లను చూపి తండ్రుల వలలను తప్పుపట్టే పాఠం పిల్లవాడిని ఇబ్బందిలో పడేస్తుంది. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాల్సిన జీవి అని, గంటల తరబడి నీటిలో లాగే ట్రాలు వలలో చిక్కితే ఊపిరాడక చస్తుందని, అది తప్పించుకుపోయే దారిని వలకు అమర్చవచ్చని, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండటం వెనక చేపల గుడ్ల కాలం ఉందని వివరిస్తే, ఇంట్లో జరిగే మాటకు అది పనికొస్తుంది.

ఉద్దానం గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు ఎంత ప్రసిద్ధమో, మూత్రపిండాల జబ్బు కూడా అంత తెలిసినదే. ఆ జబ్బుకు కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. అలాంటప్పుడు బావినీళ్లు పరీక్షించి కారణం కనుక్కోండని పిల్లలకు ప్రాజెక్టు ఇవ్వడం అన్యాయం. జబ్బు ఉన్న ఇళ్ల పిల్లలు ఆ తరగతిలోనే ఉంటారు. అక్కడ చేయదగినది వేరే ఉంది. ఎంపిక చేసిన పది బావుల్లో తాడుకు రాయి కట్టి నీటిమట్టం నెలకోసారి కొలవాలి, వాన పడిన రోజుల్లో బడి ఆవరణలో సీసాతో చేసిన వానమాపకం చూసి రాయాలి, రెంటినీ ఒకే కాగితం మీద గీయాలి. తిత్లీ పడగొట్టిన తోటల్లో ఏవి తిరిగి లేచాయో, వేటి స్థానంలో వేరే పంట వచ్చిందో తాతలను అడిగి రాయవచ్చు. రెండు విషయాలు కలిసి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదన్న శాస్త్రసూత్రం అందరికంటే లోతుగా ఉద్దానం పిల్లలకే తెలియాలి, ఎందుకంటే వాళ్ల ఊళ్ల గురించి వచ్చే ప్రతి వదంతినీ వాళ్లే తూచి చూడాల్సి ఉంటుంది.

రాసి పెట్టుకున్న లెక్కకు ఉన్న విలువ సోంపేట బీల చరిత్రలో కనబడుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఆ బీలను ఎంచుకున్నప్పుడు అది పనికిరాని భూమి అన్న వాదన వచ్చింది. అందులో చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, దాని నీటితో పండించేవాళ్లు ఒప్పుకోలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. ఒక నేల బీడా, బీలా అన్నది అందులో ఏయే జీవులున్నాయి, ఏ నెలలో నీరెంత, దాని మీద ఎవరు బతుకుతున్నారు అన్న వివరాల మీద ఆధారపడింది. ఆ వివరాలు ఊరివాళ్ల నోట ఉన్నాయి, కాగితం మీద లేవు. ఒక హైస్కూలు పదేళ్లపాటు తన బీల పిట్టల్నీ, చేపల్నీ, నీటిలోతునూ తేదీలతో సహా రాసుకుంటే అలాంటి కాగితం తయారవుతుంది. పిల్లలను ఉద్యమాల్లోకి దించాలని ఈ మాటకు అర్థం కాదు. నిజాయితీగా చూసి రాసిన లెక్క ఏ పక్షానికి పనికొస్తుందో ముందే తెలియదు, తెలియకుండా రాసినందుకే దానికి విలువ.

ఇవన్నీ చెప్పాక ఉపాధ్యాయుల ముందున్న అడ్డంకులను దాటవేయడం సరికాదు. మొదటిది సమయం. సిలబసు పూర్తికాదన్న భయం నిజమైనదే, ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల్లో. అందుకే ఈ పనిని ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పెట్టి, ఉన్న పీరియడ్లలోకే పంచడం మేలు. చింతల చుట్టుకొలతలు, సగటు, దిమ్మల బొమ్మలు గణితం. పెద్దల జ్ఞాపకాలు సేకరించి రాయడం తెలుగు. దీపాల పటం సాంఘిక శాస్త్రం. కొత్త పీరియడు అడగకుండానే వారానికి రెండు గంటలు దొరుకుతాయి. రెండోది భద్రత. చెరువులోకి పిల్లలు దిగకూడదు, ఒడ్డు నుంచే పని జరగాలి. వయ్యారిభామ కలుపుమొక్కను ఉత్త చేతులతో పీకితే ఒంటికి దద్దుర్లు, దురద రావచ్చు. సముద్రతీరానికి తల్లిదండ్రులు ఒకరిద్దరు తోడు రావాలి. ఆడపిల్లలను బడిలో ఉంచి మగపిల్లలను మాత్రమే బయటికి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

మూడో అడ్డంకి మార్కులు, దీనికి కాస్త ఎక్కువ ఆలోచన కావాలి. ప్రాజెక్టు అంటే రంగుల చార్టు, థర్మాకోలు బొమ్మ, ఇంటర్నెట్ సెంటరులో తీసిన నాలుగు కాగితాలు అన్న అలవాటు పాతుకుపోయింది. చార్టు అందానికి మార్కులు వేసినంతకాలం పిల్లలు చార్టే తయారుచేస్తారు. మార్కులు వేయాల్సింది బయట చూస్తూ రాసుకున్న, మురికిపట్టిన పుస్తకానికి: తేదీ, వేళ, వాన ఉందా, ఎవరు లెక్కించారు, ఏం కనబడింది, ఏం కనబడలేదు. పక్షి కనిపించని రోజు సున్నా రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు రావాలి. సున్నా రాస్తే తిడతారన్న భయం ఉంటే మరుసటి వారం అయిదు పిట్టలు పుట్టుకొస్తాయి, ఆ పుస్తకం ఇక దేనికీ పనికిరాదు. కొట్టివేతలు ఉండాలి, కొట్టేసిన అంకె కింద కనబడాలి, ఎందుకు మార్చారో పక్కన రాయాలి. అధికారుల తనిఖీ కోసం పుస్తకాన్ని అందంగా తిరగరాయించే ప్రయత్నాన్ని ప్రధానోపాధ్యాయులే ఆపాలి.

చివరిది బదిలీలు. ఉత్సాహంగా మొదలుపెట్టిన సైన్సు ఉపాధ్యాయుడు వేరే మండలానికి వెళ్లగానే ఎకో క్లబ్బు ఆగిపోవడం అందరూ ఎరిగినదే. అందుకని పుస్తకం ఉపాధ్యాయుడిది కాకుండా తరగతిది కావాలి. ఏటా మార్చిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఏడో తరగతివాళ్లను చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కర్ర ఎక్కడ ఆనించాలో, ఎక్కడ నిలబడి గూళ్లు లెక్కించాలో చూపించి, ఇద్దరూ కలిసి ఒక లెక్క తీసి, పుస్తకంలో సంతకాలు చేసి అప్పగించాలి. వేసవి సెలవుల్లో పడే ఖాళీని చెరువుకు దగ్గరగా ఇళ్లున్న పిల్లలు పదిహేను రోజులకోసారి పూరించవచ్చు. ఒక ప్రతి బడి గ్రంథాలయంలో, మరొకటి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడికి ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, హాజరు పట్టీలతో పాటు ఆ పుస్తకం పేరు కూడా జాబితాలో రాయించి సంతకం తీసుకోవాలి.